పాటలో పోయిన వాన

ఆదివారం, ధర్మవరం

బాగుచేసి కొత్తగా విడుదల చేసిన ఒక పాత నలుపు తెలుపు సినిమా డిస్కు ఎలా ఉందో మా సినిమా గ్రూపులో నేనే రాయాలి. సాయంత్రం అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. బొమ్మ మీద ఒక్క గీత లేదు, మరక లేదు. హీరోయిన్ జడలో పూలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. పదికి పది వేద్దామనుకున్నాను.

మేడ మీది పాట రాగానే అవ్వ అడిగింది. "వాన యాడికి పోయింది పాపా?"

"ఈ పాటలో వాన లేదవ్వా."

"ఉండాది. పెండ్లయిన కొత్తల్లో పెనుకొండ టెంటు సినిమా హాల్లో మీ తాతతో చూసినా. జోరువాన!"

మొన్న నా పేరు గుర్తురాక అవ్వ తడుముకుంది. మతిమరుపు మొదలైందేమో...

ఇంక వాదించకుండా అదే సినిమా పాత సీడీ వెతికి పెట్టాను. అరిగిన ప్రింటు నుంచి తీసిన కాపీ అది. పాట వచ్చింది. తెర నిండా పైనుంచి కిందికి తెల్లటి గీతలు! ప్రింటు అరిగితే 'వాన పడుతోంది' అనేవాళ్లు కదా. అవ్వ ఇన్నేళ్లూ అది నిజం వానే అనుకుంది.

"చూడు, పడతాండాది!" అవ్వ మొహం విచ్చుకుంది. "తడుస్తావని మీ తాత తువ్వాలు తీసి నా తలమీద కప్పినాడు."

అంటూనే కొంగు తలమీదికి లాక్కుంది. అవి గీతలని చెప్పబోయి ఆగాను.

"నువ్వూ రా పాపా, తడుస్తావు" అంది. ఆ కొంగు కిందికే దూరి కూర్చున్నాను.

డిస్కుకు మార్కులు ఇంకా వేయలేదు. బొమ్మ బాగుంది కానీ వాన లేదని రాస్తే గ్రూపులో నవ్వుతారు. నవ్వనీ.