ముందు మీరెక్కండి

బావా,

నీ కూతురు రాసిన నవల నిన్న ఏలూరులో విడుదలైంది. టైటానిక్ ఓడ మునిగిపోయిన కథ. ఎనిమిదో తరగతి గట్టెక్కని నేను కూడా మొత్తం చదివాను. నమ్మకపోతే మా అక్కని అడుగు. సభలో ముందు వరసలో, నీ కండువా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ నవలలో ఓడ మునుగుతుంటే, చిన్న పడవ పక్కన నిలబడి ఒక మనిషి వచ్చినవాళ్లందరితోనూ, "ముందు మీరెక్కండి, నాకేం తొందర లేదండీ" అంటాడు.

సభలో ఒక పెద్దాయన లేచాడు. "ప్రాణం పోతుంటే ఈ అండీలేంటమ్మాయ్? అది దొరల ఓడ, మన పెదపాడు బస్సు కాదు."

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నువ్వు గేదెని కూడా "జరగండి" అంటావని ఊరంతా చెప్పి నవ్వించినవాణ్ణి నేనే అనుకో, కానీ ఆ హక్కు నాది, ఆయనది కాదు. ఆయనకి తగిన మాటొకటి నోటిదాకా వచ్చింది. ఈలోగా నీ కూతురే మైకు అందుకుంది.

"కొల్లేరు పొంగినప్పుడు మా నాన్నగారు అలాగే అన్నారండి. అందరినీ ఎక్కించారు. పడవ తిరిగొచ్చేసరికి ఆయన లేరండి."

దాని గొంతు వణకలేదు, బావా. నా గుండె ఉప్పొంగిపోయింది.

పెద్దాయన పుస్తకం కొని సంతకం పెట్టించుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "ముందు మీరండి" అంటూ నాకు దారిచ్చాడు. నేను నీ బావమరిదిని, తగ్గుతానా?

"అబ్బే, ముందు మీరే వెళ్లండి" అన్నాను.

వెనక జనం కేకలేస్తున్నా ఇద్దరం కదల్లేదు.