స్తంభం వినే ఉంటుందనుకున్నాం

చిరంజీవి సౌభాగ్యవతి తమేరాకు అత్తయ్య వెర్డెల్ దీవించి రాయునది. ఇక్కడ నా మోకాలి నొప్పి తప్ప అందరం క్షేమం. నువ్వూ, మా అబ్బాయి లామారూ, పిల్లా కులాసా అని తలుస్తాను.

నువ్వడిగిన పీచ్ పళ్ల వంటకం, కాబ్లర్ కొలతలు వెనక పేజీలో రాశాను. వెన్న తగ్గించకు, లామార్ ఇట్టే పసిగడతాడు. మీ నాన్న గ్యారేజీకి తాళం వేశాను. బాగుచెయ్యమని జనం ఇచ్చిపోయిన గడ్డికోత యంత్రాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. ఎదురింటి ఎర్లీన్ తనది కానిది కూడా తనదేనంది. వాదించే ఓపిక లేక ఇచ్చి పంపించాను.

మంగళవారం సిటీ కౌన్సిల్‌కు వెళ్లాను. తుపాకీ మోత వినగానే పోలీసులకు కబురు పంపుతుందని మన వీధి చివర స్తంభానికి ఒక యంత్రం బిగించారు కదా, దాన్ని ఉంచాలా, తీసేయాలా అని విచారణ. మన వీధివాళ్లం పదకొండు మందిమి మీ నాన్న ఫొటో అచ్చేసిన చొక్కాలు తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాం. నాకు రెండు నిమిషాలిచ్చారు. నువ్వు చెప్పమన్నదే చెప్పాను.

"మా వియ్యంకుడు ఓటిస్ పెట్‌వేని పట్టపగలు సొంత గ్యారేజీలో దొంగ కాల్చిపోయాడు. ముప్పావుగంట రక్తం కారుతూ పడున్నాడు. మీ యంత్రానికి చెవుడొచ్చింది. పీకి పారేయండి దాన్ని!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు పొంగిపోయింది, సిగ్గులేకుండా.

అప్పుడు ఒక పోలీసు అధికారిణి లేచింది. నా వయసే ఉంటుంది. కాగితం చూసి నెమ్మదిగా చదివింది. "తలుపు మూసిన గ్యారేజీలో మోత యంత్రానికి అందలేదు, నిజమే. కానీ ఆ మధ్యాహ్నం ఆ వీధి నుంచి పోలీసుల 911 నంబరుకు ఒక్క ఫోను కూడా రాలేదు."

తమేరా, అది విని పక్కకు చూశాను. పదకొండు మందిమీ తలలు దించుకుని ఉన్నాం.

బయట మెట్ల మీద ఎర్లీన్ నా చెయ్యి పట్టుకుంది. "విన్నానే వెర్డెల్. టీవీ కూడా తగ్గించాను. స్తంభం ఉందిగా, అదే చూసుకుంటుందిలే అని మళ్లీ పెంచేశాను." ముసలి రూఫస్ గొణిగాడు, "నేనూ అంతే. వచ్చేస్తుంటారులే అనుకున్నా." నేను చెయ్యి విడిపించుకుని మెట్లు దిగిపోయాను.

ఆ యంత్రం రాకముందు మోత వినపడితే చాలు, మీ నాన్న వరండాలోకొచ్చి, "ఎవరన్నా ఫోన్ చేశారా? నన్నే చెయ్యమంటారా?" అని వీధి అదిరేలా అరిచేవాడు. ఆయన్ని మేం ఎంత ఏడిపించేవాళ్లమో నీకు తెలుసు. స్తంభం వచ్చాక ఆయనా మానేశాడు, మేమూ మానేశాం.

పోయిన ఉత్తరంలో నువ్వడిగావు, "అత్తయ్యా, ఆ రోజు నిజంగా ఎవరికీ వినపడలేదా?" అని. నాలుగు సార్లు ఫోన్ తీశాను, నోటితో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నాకు వినపడింది తల్లీ. ఒక్కటే మోత, మీ నాన్న గ్యారేజీ వైపు నుంచే. తుపాకీ అని నాకు తెలుసు. చర్చి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్లను లోపలికి పిలిచేటప్పుడు వేసుకునే తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాను. ఫోన్ చేతికందేంత దూరంలో ఉంది. స్తంభం వినే ఉంటుంది, నేను చేస్తే పేరు చెప్పాలి, సాక్ష్యానికి తిరగాలి అనుకున్నాను. కాలర్ ఇస్త్రీ ముగించాను. ఉత్తరాలు తెచ్చే అమ్మాయి గ్యారేజీ తలుపు కింద రక్తం చూసి కేక పెట్టేదాకా నేను గుమ్మం దాటలేదు. ఇంకో పావుగంట ముందు తెచ్చుంటే బతికేవాడని డాక్టరన్న మాట నువ్వే నాకు చెప్పావు.

ఓటింగు వచ్చే మంగళవారానికి వాయిదా పడింది. మాట్లాడటానికి మళ్లీ పేరిచ్చాను. యంత్రం ఉంచాలో తీసేయాలో నాకిప్పుడు తెలియదు. ఈసారి నేను విన్నానని చెబుతాను. వాళ్లకంటే ముందు నీకు చెప్పాలి. లామార్‌కు చెప్పేదీ లేనిదీ నీ ఇష్టం.

అంత్యక్రియల రోజు ఆ కోటే వేసుకుని చర్చి గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు నన్ను కావిలించుకుని ఏడ్చింది ఆ కాలర్ మీదే.

ఇట్లు,
మీ అత్తయ్య
వెర్డెల్