మీగడ రంగు పోర్షే, దాని కుడివైపు సీటు

తూర్పు గోదావరి జిల్లా ధవళేశ్వరం కాపురస్తుడు, కీర్తిశేషులు సాగి సుబ్బరాజు గారి కుమారుడు, వ్యవసాయదారుడు, అరవై తొమ్మిదేళ్ల సాగి వెంకటరాజు అను నేను, స్వదస్తూరీతో వ్రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది, జ్ఞాపకం చెడలేదు. పాత కారు మీది ప్రేమను మతి చలించడం కింద జమకట్టే బంధువులు నాకు ఉన్నారు గనుక, రాజమండ్రి డాక్టరు గారి చేత నా తెలివి సరిగానే ఉన్నదని వ్రాయించి దీనికి జతపరిచాను. గుండె మాత్రం సరిగా లేదన్నారు. అందుకే ఇప్పుడు వ్రాస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నా భార్య అయితే ఈ కాగితాలు చూసి మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

1. కాలవగట్టు మీది పెంకుటిల్లు, దొడ్డి, కారు షెడ్డు నా భార్య వెంకటదుర్గకు సర్వహక్కులతో చెందవలెను. పల్లపు పొలం యావత్తు నా కుమారుడు అశోక్‌కు, కొబ్బరితోట నా కుమార్తె సూర్యకళకు చెందవలెను. అశోక్ పొలాన్ని నాకంటే శ్రద్ధగా చూస్తాడు. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "నాన్నగారూ, హైదరాబాదులో ఎవరో ఇలాంటివి కొంటున్నారంటండి, ఇచ్చేద్దామండి" అంటాడు. కాబట్టి కారులో వాడికి ఎటువంటి హక్కూ లేదు. వాడి మీద నాకు కోపం లేదు. ఉంటే కారే ఇచ్చి ఉండేవాడిని.

2. స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక జర్మనీ ఇంజనీరు గారి దగ్గర నేను 1971లో మద్రాసులో కొన్న, మీగడ రంగు, 1960 మోడలు పోర్షే కారు, దాని విడి భాగాలు, పనిముట్లు సహా సూర్యకళకు చెందవలెను. ఏడో అంశంలోని షరతుకు లోబడి మాత్రమే. సూర్యకళ సామర్లకోటలో కాపురం ఉన్నా, ఫోనులో ఇంజను శబ్దం వినిపిస్తే చాలు, "నాన్నగారూ, ఎడమవైపు కార్బురేటరు చూడండి" అంటుంది. ఇంత పిల్లప్పుడు జ్వరం వస్తే ఆ కారు వెనక సీటులోనే నిద్రపోయేది. దాని జ్వరాలన్నీ ఆ సీటుకు తెలుసు.

3. సూర్యకళ ఈ కింది విషయాలు తప్పక పాటించవలెను. మన గాలిలో తేమ ఎక్కువ, అది బ్రేకు ఆయిల్‌లోకి దిగుతుంది. కనుక ఏటా తొలకరికి ముందు పాతది తీసి కొత్తది పోయించవలెను. వానాకాలంలో హ్యాండుబ్రేకు వేసి వదిలేస్తే వెనక చక్రాలు పట్టేస్తాయి. చక్రానికి ఇటుక అడ్డం పెట్టడం ఉత్తమం, ఎవరు నవ్వినా సరే. రైతులు రోడ్డు మీద గడ్డి పరిచిన రోజుల్లో కారు తియ్యరాదు. గడ్డి చక్రాలకు చుట్టుకుని, వేడికి అంటుకుంటుంది. వడ్లు ఆరబోసిన చోట బ్రేకు తొక్కితే కారు ఆగదు, పైగా రైతు తిడతాడు. ఆ తిట్లు న్యాయమైనవి.

4. కోటిపల్లి బస్టాండు దగ్గర షెడ్డు నడిపే మెకానిక్ యెహెజ్కేలు ఈ కారు బాగోగుల విషయంలో నా తరఫున అమలుదారుగా ఉండవలెను. ఏ బోల్టు మార్చాలన్నా సూర్యకళ అతణ్ణి అడగవలెను. నా పనిముట్ల పెట్టెలోని జర్మనీ రెంచీల సెట్టు అతనికి ఇస్తున్నాను. ఎలాగూ సగం అతని షెడ్డులోనే ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, భోజనం అయ్యేదాకా అతణ్ణి పిలవరాదు. ఇది నా కొడుకు, కూతురు, అల్లుడు అందరికీ వర్తిస్తుంది.

5. ఇక కుడివైపు సీటు. దీన్ని కారు నుంచి విడదీసి వ్రాస్తున్నాను. ఇది జర్మనీ కారు కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. పక్కన కూర్చునేవారు కుడివైపు, అంటే మన కార్లలో డ్రైవరు ఉండే చోట కూర్చోవాలి. పెళ్లయిన కొన్నేళ్లకు కారు వచ్చింది గానీ, వెంకటదుర్గను అందులో ఎక్కించుకుని బ్యారేజీ మీదుగా వెళ్లినప్పుడే నాకు కొత్త పెళ్లికొడుకులా అనిపించింది. దారిన పోయేవాళ్లు ఆమే నడుపుతోందనుకునేవారు. ఆమె నిద్రపోతూ కనిపిస్తే హడలిపోయేవారు. ఒకసారి రిక్షా అతను, "అమ్మగారూ, లేవండమ్మా, కారు కదులుతోందండీ!" అని వెంటపడ్డాడు. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

పాత బ్రేకులు డ్రమ్ము బ్రేకులు. రెండుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి మెత్తబడేవి. వాన పడితే కారు ఎడమకు లాగేది. ఆమె భయపడుతుందని, 1996లో అదే కంపెనీ తరువాతి మోడలు డిస్కు బ్రేకులు మద్రాసు నుంచి తెప్పించాను. యెహెజ్కేలు లేతు మీద వాటి కొలతలు సరిచేసి, ముందు చక్రాలకు అమర్చాడు. దసరా నాటికి పని పూర్తయింది. చక్రాలు ఇంకా బిగించలేదు. అతను భోజనానికి వెళ్లాడు. వెంకటదుర్గ పూజ సామగ్రితో షెడ్డులోకి వచ్చి, మెరుస్తున్న ఆ డిస్కులను చూసి, "కొత్తవి ఇవేగా అండీ. మిమ్మల్ని కాపాడేవి ఇవే. ముందు వీటికే పెట్టాలి" అంది. నువ్వులనూనెలో పసుపు కలిపి రెండు పక్కలా నిండుగా రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. నాకు కన్నులపండువగా ఉంది. చక్రాలు నేనే బిగించాను.

అంతకుముందు ఇరవై అయిదేళ్లుగా ఆమె డ్రమ్ములకు అలాగే పసుపు రాస్తూ వచ్చింది. ఏమీ కాలేదు, ఎందుకంటే డ్రమ్ములో బ్రేకు పట్టేది లోపల. డిస్కును బ్రేకు పట్టుకునేది పైనే, సరిగ్గా ఆమె పసుపు రాసిన చోటే. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తట్టలేదు. ఆ రోజే ఆమెను ఎక్కించుకుని వెళ్తూ, లాకుల దగ్గర మలుపులో బ్రేకు తొక్కితే కారు నూనె మీద జారినట్టు జారి, రేవు మెట్ల మీదుగా కాలవలోకి దిగి, ముక్కు నీళ్లలో పెట్టి ఆగింది. నా నుదురు చిట్లింది. ఆమె చేతి గాజులన్నీ పగిలాయి.

యెహెజ్కేలు బ్రేకులు విప్పి, శుభ్రంచేసి, ప్యాడ్లు మార్చి, "పసుపండీ. అంతే. బ్రేకులు బంగారంలా ఉన్నాయి" అన్నాడు. ఆ తరువాత ఈ రోజు దాకా అవి ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ ఆమె మళ్లీ ఆ సీటులో కూర్చోలేదు. "నా చెయ్యి మంచిది కాదండీ, ఇంక దేనికీ పిలవకండి" అంది. ఆకుమడిలో తొలి పిడికెడు విత్తనం చల్లడం మానేసింది. ఆవకాయ మొదటిసారి కలపడం కోడలికి అప్పగించింది. మనవరాలికి అన్నప్రాశననాడు వెనక నిలబడింది. ఆరేళ్లుగా ఆమె పక్కన ఉండి కూడా ఆమె లేని ఇంట్లో ఉన్నట్టు ఉంది నాకు.

అందుచేత, ఆ కుడివైపు సీటు వెంకటదుర్గకు జీవితకాల హక్కుగా చెందవలెను. ఆమె అనుమతి లేనిదే అందులో ఎవరూ కూర్చోరాదు, సంచులు కూడా పెట్టరాదు.

6. నా బావమరిది కలిదిండి పల్లంరాజు ఈ కారును చూసిన మొదటి రోజునే కప్ప అన్నాడు. దానికి నేను ఏమీ అనుకోలేదు, నిజంగానే కప్పలా ఉంటుంది. కానీ ఆ దసరా రోజున కాలవగట్టున, జనం మధ్య, తడిసిన చీరతో వణుకుతున్న తోబుట్టువుతో, "అక్కా, నీ చెయ్యి దీనికి అచ్చిరాలేదే" అన్నాడు. ఆమె ఆ మాటే పట్టుకుంది. బ్రేకులు యెహెజ్కేలు బాగుచేశాడు, ఈ మాటను ఎవరూ బాగుచేయలేకపోయారు. విప్పేసిన పాత డ్రమ్ములు పల్లంరాజు కళ్లంలో పరదాల మీద బరువుకు పెట్టుకుంటానని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఆ మాట తప్పని అతను ఒప్పుకుంటే తీసుకోవచ్చు. లేనిచో షెడ్డులోనే ఉండవలెను.

7. షరతు. నేను పోయాక మా వాళ్ల ఆనవాయితీ ఏమిటో నాకు తెలుసు. పసుపు కుంకుమలు ఆమె చేతికి అందకుండా చేస్తారు. శుభకార్యానికి ఎదురు రావద్దంటారు. తన చెయ్యి మంచిది కాదని ఇప్పటికే నమ్ముతున్న మనిషి అప్పుడు ఇక ఎవరికీ ఎదురు చెప్పదు. అది తలచుకుంటే నాకు చావంటే భయం వేస్తోంది. కాబట్టి, నా తదనంతరం కారును షెడ్డు నుంచి బయటకు తీసే రోజున వెంకటదుర్గ స్వహస్తాలతో దానికి పసుపు రాసి కుంకుమ పెట్టవలెను. పెట్టనంతవరకు సూర్యకళకు కారు మీద ఏ హక్కూ సంక్రమించదు. ప్రతి దసరాకూ ఇదే నియమం. అశోక్ కూడా ఏటా ఆకుమడిలో తొలి పిడికెడు ఆమె చేతనే చల్లించవలెను. వితంతువు చెయ్యి అని ఎవరైనా అడ్డుపడితే, ఇది నా ఆజ్ఞ అని ఈ కాగితం చూపించవలెను. బానెట్‌కు పెట్టవచ్చు, స్టీరింగుకు పెట్టవచ్చు. డిస్కులకు మాత్రం వద్దు.

8. ఇంతవరకు వ్రాసి, సంతకానికి ముందు, ఇంటిల్లిపాదినీ సాక్షులనూ కూర్చోబెట్టి చదివి వినిపించాను. వెంకటదుర్గ చివరిదాకా విని, లేచి షెడ్డులోకి వెళ్లింది. చాలాసేపటికి తిరిగి వచ్చి, "ఏదండీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేనూ ఓసారి చూస్తాను" అని తీసుకుంది. కనుక ఏడో అంశం పక్కన, అంచున ఉన్న పసుపు మరకను కొట్టివేతగా గానీ, దిద్దుబాటుగా గానీ ఎవరూ భావించరాదు. అది నా భార్య బొటనవేలిది. సంతకాలు అయ్యాక మేమిద్దరం బ్యారేజీ దాకా వెళ్లి వస్తాము.

ఇది నా మొదటి వీలునామా, చివరిది కూడా.

చిత్రభాను నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ దశమి, మంగళవారం, 15-10-2002, ధవళేశ్వరం.

(సం.) సాగి వెంకటరాజు

సాక్షులు:

1. రత్నమాణిక్యం, పక్కింటి కాపురస్తురాలు, రిటైర్డు టీచరు.

2. కలిదిండి పల్లంరాజు. పూర్తిగా విని సంతకం చేశాను. మా అక్క చెయ్యి మంచిది.