నలుచదరపు బల్ల మీద కొవ్వొత్తి

పెరెస్లావ్ల్,
జూలై 14, ఆదివారం.

అమ్మకు,

ఉల్యానా నమస్కారాలు. నేను క్షేమం. అమ్మమ్మ కూడా క్షేమమని రాద్దామనుకున్నాను గాని, పొద్దున్న మఠం నుంచి వస్తూనే తాను చచ్చిపోతున్నానని ప్రకటించి మంచమెక్కింది.

తప్పు నాదే. అమ్మమ్మ మోకాళ్లు బాగుపడాలని కొవ్వొత్తి కొన్నాను. పటాల ముందున్న గుండ్రటి దీపస్తంభాల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. గోడ మీది పాత అక్షరాలు చదువుకుంటూ పోయి, మూలన ఖాళీగా ఉన్న నలుచదరపు బల్ల మీద వెలిగించేశాను. అది చనిపోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు వెలిగించే బల్ల! పైగా, "మా అమ్మమ్మ కపితోలీనా కోసం" అని గట్టిగా అన్నాను. వెనకే అమ్మమ్మ.

"శభాష్! నిన్ను చదివించింది నన్ను సాగనంపడానికన్నమాట!" అంది. ఫాదర్ వర్సనోఫీ పరుగున వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పారు. అమ్మమ్మ తలాడించి, మునుపటికంటే నీరసంగా నడిచింది.

ఇంటికొచ్చాక పంపకాలు. టీ కాచే సమవార్ నీకట, రబ్బరు బూట్లు నాకట. ఆ తరవాత నిట్టూర్చి, "పోయేముందు క్షమాపణ అడగాలి. ఆ పెలగేయాని పిలువు" అంది.

పక్కింటి పెలగేయా పిల్లి మన పొగబెట్టిన చేపలు తిన్న నాటినుంచి ఇద్దరూ ఆ పిల్లితో మాట్లాడటమే గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కదా! సరస్సు గడ్డకట్టే కాలమంతా చెరో కిటికీలో ఒంటరిగా టీ తాగుతుంటే నువ్వెంత బాధపడేదానివి!

పెలగేయా పిండి చేతులతోనే వచ్చింది.

"చచ్చిపోతున్నావటగా?"

"అవునే. నన్ను క్షమించు."

"దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమించాను."

"నీ పిల్లి దొంగదే అనుకో."

"నీ చేపల్లో ఉప్పెక్కువ! పాపం, తిన్నాక అది నీళ్లగిన్నె వదల్లేదు!"

అరుచుకుంటూనే ఒకరి గ్లాసులో ఒకరు టీ పోసుకున్నారు. సయోధ్య అనే మాట పుస్తకాల్లో చదివాను. దానికింత గోల ఉంటుందని ఇవాళే తెలిసింది.

నీ
ఉల్యానా

తా.క. అమ్మమ్మ లేచి కూర్చుని పెలగేయా తెచ్చిన క్యాబేజీ రొట్టె తింటోంది. ఫాదర్ చెవిలో ఏం చెప్పారని అడిగాను. "కొవ్వొత్తితో ఎవరూ చావరు, ఇంటికెళ్లి పెలగేయాతో టీ తాగమన్నాడు. కాని ఊరికే వెళ్లి దాన్ని ముందుగా నేను పలకరిస్తానా? చస్తే తప్ప కుదరదు!" అంది. రేపు పొద్దున్న ముగ్గురం మఠానికి వెళ్తున్నాం. కొవ్వొత్తి నేనే వెలిగించాలట. నా చెయ్యి మాత్రం పెలగేయా పట్టుకుంటుందట.