కిందికి మాత్రమే దారి

షెఫీల్డ్ దగ్గర,
మార్చి 9

నా రాజ్యానికి,

నీ ఒంట్లో ఎలా ఉందని అడగను, నాలుగు పేజీలు రాస్తావు. ముందు నా గోడు విను. ఫోన్లో చెబుదామంటే ఈ ఇంటి రాతిగోడలు రెండడుగుల మందం, సిగ్నల్ దూరదు. పెరట్లోకి వెళ్తే మా అమ్మాయి ప్రఫుల్ల చెవులు అక్కడే ఉంటాయి.

అల్లుడు అనిరుధ్ ఈ ఫామ్‌హౌస్ కొన్నప్పుడు "మూడొందల ఏళ్ళ నాటిది అత్తయ్యగారూ!" అని మురిసిపోయాడు. మూడొందల ఏళ్ళుగా ఎవరూ బాగుచెయ్యలేదని నాకు ఆలస్యంగా అర్థమైంది. దూలాలు నెత్తిమీదే. గుమ్మం గుమ్మానికీ తల వంచాలి, పెళ్ళిలో కూడా నేనిన్నిసార్లు వంచలేదు. మెట్లయితే గోడలోంచి మెలికలు తిరుగుతూ పోతాయి, మనిషి పక్కకి తిరిగి ఎక్కాలి. శ్రావణంలో మా ఆయన వాటిని తన కాళ్ళతోనే ఎక్కారు. పార్కిన్సన్స్ ముదిరి, దసరా నాటికి ఆ కాళ్ళు పైనే ఆగిపోయాయి. ఐదు నెలలుగా ఆయనకి లోకమంటే ఓ బుల్లి కిటికీ, అందులో తడిసిన గొర్రెలు.

కుర్చీ లిఫ్టు పెట్టిద్దామంటే కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి వచ్చి, మెట్లని ప్రేమగా నిమిరి, ఇల్లు లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల లిస్టులో ఉంది కనక మేకు కూడా కొట్టకూడదని చెప్పి వెళ్ళింది. ఈయన్ని చూడనే లేదు. డెబ్భై ఎనిమిదేళ్ళేగా, లిస్టులోకి రారు.

అసలు సంగతి ఇది. ఆదివారం అనిరుధ్ ఆఫీసువాళ్ళకి ఇల్లు చూపిస్తూ మా గదిలోకీ తీసుకొచ్చాడు. ఈయన నిద్రలో ఉన్నారు. మంచం పక్క తివాచీ ఎత్తి, నేలలో ఉన్న చెక్క తలుపు చూపించాడు. "మెట్లు ఇరుకు కదా, పైన పోయినవాళ్ళ శవపేటిక ఇందులోంచి తాళ్ళతో దింపేవారు," అన్నాడు ఇంగ్లీషులో, గొప్పగా. అప్పుడు మంచం వైపు చూశాడు. అందరూ చూశారు. ఒకావిడ "లవ్లీ" అంది, పాపం నోటికి అదే వచ్చింది.

ముప్ఫై ఏడేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని కదా, కళ్ళతోనే కొలిచేశాను. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. ఈయన సరిపోతారు. ఆ తివాచీ మీద కాలు పెట్టలేకపోతున్నానే. ఎవర్నని తిట్టను?

నీ చాముండి


మార్చి 27

ఒసే రాజ్యం,

ఈయన ఆరోజు నిద్రపోలేదట!

జావ తాగిస్తుంటే, "నన్ను అందులోంచి దింపించు చాముండీ, పొయ్యి దగ్గర కూర్చుంటాను," అన్నారు.

"అది పోయినవాళ్ళ దారి. అశుభం."

"పోయాక దింపితే నాకేం కనబడుతుంది?"

నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన గెలిచిన వాదన ఇదొక్కటే.

పక్క ఫామ్ గొర్రెలాయన తాళ్ళూ గిలకా తెచ్చాడు. దూలానికి పాత కొక్కెం ఇంకా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకీ కాళ్ళకీ కట్టి దింపారు. డాక్టరై ఉండీ ప్రఫుల్ల కళ్ళు మూసుకుంది. పైనుంచి చూస్తుంటే ఆయన బట్టతల చిన్నదవుతూ పోయింది. నా నోట్లోంచి దేవుడి పేరు కూడా రాలేదు, "మెల్లిగా, మెల్లిగా" అనడమే. కిందికి చేరి ఆయనన్న మొదటి మాట, "కాఫీ."

సాయంత్రం మళ్ళీ పైకి ఎక్కించబోతే గొర్రెలాయన తల అడ్డంగా ఊపాడు. దింపడం వేరు, బతికున్న మనిషిని నెత్తిమీదకి లాగడం వేరు, నావల్ల కాదన్నాడు. ఇంత చదువుకున్న ఇంట్లో ఒక్కరికీ తట్టలేదే. ఆ దారి కట్టినవాళ్ళు ఎవర్నీ తిరిగి పైకి తేవాలనుకోలేదు.

ఇప్పుడాయన మంచం పొయ్యి పక్కనే. అక్కడ ఒక్క మంచమే పడుతుంది. నా మోకాళ్ళు రోజుకి ఒక్కసారే ఆ మెట్లకి ఒప్పుకుంటాయి, అందుకని నా పడక పైనే. ఆ చెక్క తలుపు ఆయన మూయనివ్వడం లేదు. తెల్లారగానే కిందనుంచి "లేచావా?" అంటారు. నిన్న ఆ మాట కూడా సరిగ్గా పలకలేదు. ఇంకెన్నాళ్ళో ప్రఫుల్ల చెప్పదు, నేను అడగను.

ఒక్కటి మాత్రం ఖాయం. ఎప్పుడు వెళ్ళినా ఆయనిక వీధి గుమ్మంలోంచే వెళ్తారు.

పైన మిగిలింది నేను. కొలిచాను, నాకూ సరిపోతుంది.

నీ చాముండి