భోలా తెచ్చిన నల్ల చుట్ట

రిసాలి, భిలాయి
ఆదివారం

అమ్మ పాదాలకు దణ్ణం పెట్టి నీ కూతురు పైడితల్లి రాసుకునే ఉత్తరం. నీ అంగిలి పుండు మానిందా? డాక్టరు రమ్మన్న రోజుకి పెద్దాసుపత్రికి వెళ్ళావా, కోళ్ళను ఎవరు చూస్తారని మానేశావా? నాన్న దగ్గు తగ్గిందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ అల్లుడి కుడిచెయ్యి విరిగింది, అయినా బాగానే ఉన్నాం. కంగారు పడకు. ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేద్దామంటే వెనక నిలబడ్డ ప్రతివాడూ వింటాడు. అందుకే రాస్తున్నాను.

ఎండలు మండిపోతున్నాయి. ఆరేసిన బట్టల మీద ఎప్పటిలాగే ఎర్రదుమ్ము. చేపలు దొరుకుతున్నాయి గానీ అన్నీ చెరువు చేపలే, నోటికి సయించవు. తినకుండా మాత్రం లేను.

మా గోడకి అవతల సుఖియా అనే ఛత్తీస్‌గఢీ పిల్ల ఉంటుంది. దాని మొగుడు బిసాహు, మీ అల్లుడు ఉక్కు ఫ్యాక్టరీలో ఒకే ఠేకేదారు కింద కూలీలు, కాంట్రాక్టరుని ఇక్కడ అలాగే అంటారు. ఆ ఠేకేదారు బావమరిది భోలా పెద్ద రౌడీ. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర బిసాహు ఎదురు మాట్లాడాడని ఇనుప రాడ్డుతో తల పగలగొట్టాడు. అక్కడున్న అందరూ చూశారు. పోలీసులు అడిగేసరికి అందరికీ కళ్ళు పోయాయి. మీ అల్లుడొక్కడే చూశానన్నాడు. బిసాహు ఆసుపత్రిలో చనిపోయాడు. మీ అల్లుడు చెప్పింది పోలీసులు రాసుకున్నారు, దాని మీద సంతకం పెట్టడమే మిగిలింది. ఈలోగా భోలా మనుషులు దారికాచి సైకిలు మీంచి లాగి, సంతకం పెట్టే చెయ్యి చూసి మరీ విరిచారు.

ఆయన మంచం మీద పడుకుని ఒకటే పాట. "పైడీ, ఊరెల్లిపోదుమే. నానింక ఇక్కడ బతకలేను." నాకు మాత్రం ఉండాలని ఉందా? మూటలు కూడా కట్టాను.

పోయిన ఆదివారం పొద్దున భోలా ఇద్దరు మనుషులతో ఇంట్లోకి వచ్చి మన స్టూలు మీదే కూర్చున్నాడు. నేను చుట్టలు చుట్టే ఇంటి పిల్లనని ఎవరు చెప్పారో మరి, జేబులోంచి లావుపాటి నల్ల చుట్ట తీశాడు. విదేశీ ఇంజనీరు ఎవరో వాళ్ళ బావకి పెట్టెడు ఇచ్చాడట. మదురో అంటారట దాన్ని.

"ఏ చుట్టావాలీ, బతా. అస్లీ హై కి నక్లీ?" అని, అసలు సరుకో నకిలీదో చెప్పమంటూ నా చేతిలో పెట్టాడు.

అమ్మా, నా చేతులు నా మాట వినలేదు. భయం మరిచిపోయి నువ్వు నేర్పినట్టే చూశాయి. పైఆకు ముదురు బెల్లం రంగు, ఎక్కడా చిరుగు లేదు, ఈనె చేతికి తగల్లేదు. వేళ్ళకి నూనె జిడ్డు తగిలింది. ఒత్తి చూస్తే ఎక్కడా డొల్ల లేదు. వాసన చూస్తే కాఫీ గింజలు వేయించినట్టు, వెనకాల కొంచెం బెల్లం పాకం. పాడు సరుకని చెప్పి వాడి మొహం మాడ్చాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "బాగుంది" అన్నాను. అంత మంచి ఆకు ఆ వెధవ చేతికి చిక్కిందని నా కడుపు మండిపోయింది.

వాడు నవ్వి వెలిగించాడు. రెండు దమ్ములు లాగి, "పోలీసులకి చూడలేదని చెప్పు" అంటూ కాలే కొసను మీ అల్లుడి భుజం మీద ఆనించి నొక్కాడు. మాంసం కాలింది. ఆయన దుప్పటి కొరుక్కున్నాడు గానీ సరేననలేదు. నేను బూతులు అందుకున్నాను. భోలా నా జుట్టు పట్టుకుని, "ముహ్ ఖోల్. నీ నోట్లో ఆర్పుతాను" అన్నాడు.

నోరు తెరిచాను. ఆ నిప్పు కొసని పళ్ళ మధ్య నుంచి లోపలికి తీసుకుని, పెదాలు మూసి, మన ఊళ్ళో ఆడవాళ్ళం కాల్చినట్టే అడ్డపొగ పీల్చాను. లావుగా ఉండి అంగిలి చురుక్కుమంది. అయినా ఏం పొగ అమ్మా, గొంతులో ఎక్కడా గీరలేదు. బూడిద కూడా రాలకుండా గట్టిగా నిలబడింది. వాడి కళ్ళలోకి చూస్తూ ముక్కులోంచి వదిలాను. వాడి మనుషుల్లో ఒకడు భయపడి గుమ్మం దాటేశాడు, రెండోవాడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకి భోలా ఒళ్ళు తెలియని కోపంతో నా చెంప పగిలేలా కొట్టాడు. నేను చుట్ట తీసి, నా జుట్టు పట్టుకున్న వాడి మణికట్టు మీద చర్మం చిట్లేదాకా అదిమాను.

వాడి అరుపుకి సుఖియా వచ్చింది, చేతిలో రోకలి. మొదటి దెబ్బ మోకాలి మీద, రెండోది మూతి మీద. ఆ తర్వాత వాడలో ఆడవాళ్ళంతా దొరికింది పట్టుకుని వచ్చారు. వాడి పళ్ళు మన గుమ్మంలో రాలాయి. నేను ఆపలేదు, ఆపాలనీ అనిపించలేదు. చివరికి వాడి మనుషులే వాణ్ణి ఈడ్చుకుపోయారు.

సుఖియా రోకలి దించకుండా గుమ్మంలోనే నిలబడింది. మీ అల్లుడు దాన్ని చూశాడు. "ఆయమ్మ మొగుడు సచ్చిపోనాడు. నాను సెయ్యిరిగిందని పారిపోనా? మూటలిప్పేయే" అన్నాడు. మర్నాడు స్టేషనుకి నడిచి వెళ్ళి ఎడమచేత్తో సంతకం పెట్టాడు. వంకరటింకరగా వచ్చింది. పోలీసాయన "ఇది నీ పేరేనా?" అంటే "నా పేరే బాబూ" అన్నాడు.

వాళ్ళు మళ్ళీ వస్తారు, నాకు తెలుసు. మమ్మల్ని ఊరు రమ్మని మాత్రం అనకు. మేం బాగానే ఉన్నాం. వచ్చేవాళ్ళుంటే కాస్త ఎండుచేప పంపు. అమ్మవారికి దీపం పెట్టేటప్పుడు మాతోపాటు సుఖియా పేరు కూడా చెప్పు. నాన్నకీ పెద్దమ్మకీ నా దణ్ణాలు.

నీకు పుండు లేచినప్పుడు, ఇక చుట్ట ముట్టనని నాచేత నీ తల మీద చెయ్యి పెట్టించుకున్నావు. ఆ ఒట్టు తప్పాను, తిట్టాలనుంటే తిట్టు. నా జన్మలో అంత మంచి పొగాకు రుచి చూడలేదు. కానీ ఇప్పుడు చుట్ట తలుచుకుంటే మీ అల్లుడి భుజం కాలిన వాసనే ముందొస్తోంది. ఇంక నాకు ఒట్టుతో పనిలేదమ్మా.

నీ దీవెన కోసం చూసే
పైడితల్లి