అమావాస్య నాటి పేర్లు

ఒరేయ్ తమ్ముడూ భావన్నారాయణా,

క్షేమసమాచారాలకి టైము లేదురా. ఈ ఉత్తరం గుంటూరు బస్సు కండక్టరు చేతికిస్తున్నా, జవాబు కూడా ఆయన చేతికే ఇయ్యి.

పోయిన నెల మన కొట్లో అమ్మిన పత్తి గింజలు మొలవవని కంపెనీ టెలిగ్రాం ఇచ్చింది. నిన్న వెల్దుర్తి వైపు వాన పడింది. రేపు అందరూ విత్తుతారు. విత్తారా, వాళ్ళకి ఈ ఏడు పంట లేనట్టే. నువ్వు కంప్యూటరు పెట్టినాక కొన్నోళ్ళ పేర్లు పుస్తకంలో రాయటం మానేశా. ఇప్పుడు ఆ గింజలు అమ్మిన రోజు తేదీ కొడితే ఒక్క పేరూ రావటంలా.

తప్పు నాదేలే. ఆ రోజు అమావాస్య. పొద్దున ఆన్ చెయ్యగానే తేదీ అడిగింది. అమావాస్య తేదీతో కొత్త సరుకు మొదలెట్టడం ఎందుకని, తేదీ ఇయ్యకుండా వట్టి ఎంటర్ కొట్టేశా. "ఏందయ్యా, మిషనుకి కూడా ముహూర్తమా?" అని మీ వదిన అప్పుడే నవ్వింది. మనం తేదీ చెప్పకపోతే అది ఏ తేదీ వేసుకుంటుందిరా? అదొక్కటి రాసి పంపు, వదిన వెతుకుతుంది.

నలభై మంది కొన్నారు. నాకు గుర్తున్నది తొమ్మిది మంది. కొట్టు వదినకి అప్పజెప్పి ఆ తొమ్మిది ఇళ్ళకన్నా పోయి చెప్పొస్తా.

ఇవాళ మళ్ళీ అమావాస్యే. అయినా వెల్దుర్తి బస్సెక్కుతున్నా.

అన్నయ్య